డిస్కు ఊడకపోతే ముందు సుత్తిని దూరంగా పెట్టండి

ఇనుము కోసే చేతి మిషను యాంగిల్ గ్రైండరుకు డిస్కు బిగుసుకుపోయిందంటే మన ఊళ్లలో చాలామంది చెయ్యి ముందుగా వెళ్లేది సుత్తి మీదికే. డిస్కును పట్టి ఉంచే నట్టుకు ఉన్న రంధ్రంలో ఒక పాత పంచో, విరిగిన డ్రిల్లు బిట్టో ఆనించి, మిషనును కాలితో తొక్కిపట్టి, ఊడేదాకా బాదడమే పద్ధతి అనుకునేవారు ఇప్పటికీ ఉన్నారు. ఈ పద్ధతి మీద నాకు ఎప్పటినుంచో కోపం ఉంది. ఈ మధ్య దాని ఖరీదు మా ఇంటికే పడింది కనుక ఇక రాయక తప్పడం లేదు.

మా నాన్నగారు గేట్లు, కిటికీ గ్రిల్సు చేసే వెల్డింగ్ షాపు నడిపిన రోజుల్లో కొన్న 4 అంగుళాల మిషను అది. మా ఇంట్లో గ్రైండరు అంటే అమ్మ పిండి రుబ్బేదే కాబట్టి దీన్ని మేము ఎప్పుడూ కటింగ్ మిషను అనే పిలిచాం. మొన్నామధ్య నీళ్ల ట్యాంకు స్టాండు కోసం ఎల్ యాంగిల్ కోస్తుండగా డిస్కు కోతలో ఇరుక్కుని, మిషను ఒక్కసారిగా చేతిని గుంజి ఆగిపోయింది. ఆ తరువాత నట్టు కదలలేదు. నేను ఊళ్లో లేనప్పుడు మా తమ్ముడు దాన్ని ఒక రిపేరు షాపులో ఇచ్చాడు. వాళ్లు డిస్కు తిరగకుండా ఆపే లాక్ బటను నొక్కిపెట్టి, నట్టుకు పంచు ఆనించి కొట్టారు. నట్టు ఊడలేదు కానీ బటను కింది పిన్ను వంగిపోయి, అది కూర్చునే చోట గేర్లను కప్పే హౌసింగు పగిలింది. "పాత మిషను కదండీ, అట్లాగే అవుతుంది" అని 150 రూపాయలు తీసుకుని, అదే డిస్కుతో తిరిగి పంపించారు.

మిషను పాతది కావడం ఇక్కడ కారణం కాదు. లాక్ బటను నొక్కినప్పుడు ఒక సన్నని పిన్ను లోపలి గేరుకు ఉన్న రంధ్రంలోకి దిగి ఇరుసును తిరగకుండా ఆపుతుంది. డిస్కు మార్చేటప్పుడు చేతి బలాన్ని ఓర్చుకోవడానికి పెట్టిన పిన్ను అది. సుత్తి దెబ్బ పడిన ప్రతిసారీ ఆ అదురు మొత్తాన్ని ఆ పిన్ను, దాని చుట్టూ ఉన్న పోత అల్యూమినియం, గేరు పళ్లు, బేరింగు కలిసి మోస్తాయి. నట్టు మాత్రం ఇనుపది కాబట్టి నిక్షేపంగా ఉంటుంది. మిషను పూర్తిగా ఆగకముందే బటను నొక్కే అలవాటు ఉన్నవాళ్ల దగ్గరైతే ఆ పిన్ను సగం ప్రాణం ముందే పోయి ఉంటుంది.

అసలు ఆ నట్టు అంతగా ఎందుకు బిగుస్తుందో ఒక్క నిమిషం ఆలోచిస్తే సుత్తి అవసరమే కనబడదు. ఇరుసు మీద ఉన్నది మామూలు కుడి మర, అంటే కుడివైపుకు తిప్పితే బిగుసుకునేది. డిస్కు వైపు నుంచి చూస్తే ఇరుసు అపసవ్యంగా తిరుగుతుంది. కోతలో ఇనుము డిస్కును వెనక్కి పట్టి లాగుతుంది కాబట్టి, పని చేస్తున్నంతసేపూ నట్టు తనంతట తాను మరికాస్త బిగుస్తూనే ఉంటుంది. నట్టు ఊడి డిస్కు ఎగిరిపోకుండా కావాలనే చేసిన ఏర్పాటు ఇది. డిస్కు ఒక్కసారిగా ఇరుక్కుంటే ఆ బిగింపంతా ఒక్క క్షణంలో జరిగిపోతుంది. ఊడదీయాలంటే హెడ్డు మీది బాణం గుర్తు డిస్కు ఏ దిక్కుకు తిరుగుతుందని చూపిస్తుందో నట్టును కూడా ఆ దిక్కుకే తిప్పాలి. మిషనును బోర్లా పెట్టి ఒకసారి, వెల్లకిలా పెట్టి ఒకసారి చూసి దిక్కు తికమకపడి, ఊడదీస్తున్నామనుకుంటూ ఇంకా బిగించినవాళ్లను నేను చాలామందిని చూశాను, అందులో నేనూ ఒకణ్ణి.

నట్టును అంత గట్టిగా పట్టి ఉంచుతున్నది తుప్పు కాదు, అటూ ఇటూ ఆనే ఇనుప బిళ్లలు, అంటే రెండు ఫ్లాంజీల మధ్య నలిగి ఉన్న డిస్కే. పాతిక, ముప్పై రూపాయల డిస్కును కాపాడటానికి వేల రూపాయల మిషనును బాదడం ఏం లెక్కో నాకు ఎప్పటికీ అర్థం కాదు. తిరిగి వచ్చిన మిషనుకు నేను చేసింది ఇంతే. ముందు ప్లగ్గు పీకేశాను. కళ్లద్దాలు పెట్టుకుని, కటింగ్ ప్లయరుతో డిస్కు అంచు పట్టి వంచితే, 1.2 మిల్లీమీటర్ల పల్చని కటింగ్ డిస్కు కాబట్టి అప్పడంలా ముక్కలు ముక్కలుగా విరిగింది. లోపలున్న ఫైబరు వల దారాలు కొంచెం మొరాయిస్తే వాటిని లాగి తుంచాను. ఫ్లాంజీల అంచు దాకా విరిచాక మధ్యలో ఒక సన్నని సందు మిగులుతుంది. అందులోకి విరిగిన హాక్సా బ్లేడు ముక్కను దూర్చి చుట్టూ గీకుతుంటే ఎర్రమట్టి రంగు పొడి ఒళ్లో రాలింది. నాలుగైదు నిమిషాలు గీకాక లోపలి ఫ్లాంజి అంచులకు సన్నని పానా వేసి పట్టుకుని, నట్టును వేళ్లతో తిప్పితే వచ్చేసింది. నట్టు రంధ్రాల్లో దూర్చి తిప్పే రెండు గుచ్చుల పానా కూడా అవసరం పడలేదు.

6 మిల్లీమీటర్ల గ్రైండింగ్ వీలు ఇంత సులువుగా లొంగదని ఒప్పుకుంటాను. దానికి లోపలి ఫ్లాంజిని పైపు రెంచితో గట్టిగా పట్టి, పానాకు ఒక పైపు ముక్క తొడిగి, కుదుపు లేకుండా నిదానంగా బలం పెట్టాలి. మరల్లో నిజంగానే తుప్పు ఉంటే నాలుగు చుక్కల కిరోసిన్ వేసి రాత్రంతా వదిలెయ్యవచ్చు, కానీ నూనె తగిలిన వీలును మళ్లీ మిషనుకు ఎక్కించకూడదు.

నన్ను మిషను విరగడం కన్నా ఎక్కువగా భయపెట్టింది వేరే విషయం. ఆ షాపువాళ్లు దెబ్బలు తిన్న డిస్కును అలాగే ఉంచి మిషను చేతికిచ్చారు. 4 అంగుళాల డిస్కు నిమిషానికి సుమారు 11,000 సార్లు తిరుగుతుంది, అంటే దాని అంచు గంటకు 200 కిలోమీటర్ల వేగంతో పోతున్నట్టు. సుత్తి అదురుకు లోపల పగులు పట్టిన డిస్కు ఆ వేగంలో ముక్కలైతే ఎదురుగా ఉండేది కోసేవాడి మొహం. పైగా మన దగ్గర డిస్కుకు అడ్డుగా ఉండే గార్డు ఉన్న మిషను కనబడటమే అరుదు. నట్టు ఊడటం లేదు కాబట్టి ఉన్న డిస్కుతోనే ఈ పూట పని కానిద్దాం అనుకునే కుర్రాళ్లు ప్రతి వర్కుషాపులోనూ ఉన్నారు. డిస్కు ఇరుక్కోవడం చిన్న చిరాకు అనుకుంటాం కానీ ఆ చిరాకు తీరక జరిగే పని ఇదీ.

పగిలిన హౌసింగుకు పాత సామాన్ల దుకాణంలో జత దొరికింది, మార్పించాను. ఇప్పుడు డిస్కు మార్చిన ప్రతిసారీ ఫ్లాంజీలను గుడ్డతో తుడిచి, మరకు ఒక చుక్క నూనె రాసి అదనంగా ఉన్నది తుడిచేసి, నట్టును చేత్తో బిగించి పానాతో కొద్దిగా మాత్రమే తిప్పుతున్నాను, మిగతాది మిషను తానే బిగించుకుంటుంది. కొన్న మర్నాడే మాయమయ్యే ఆ రెండు గుచ్చుల పానాను సైకిలు ట్యూబు ముక్కతో ప్లగ్గు మొదట్లోనే కట్టేశాను. డిస్కు మార్చాలంటే పానా కావాలి, పానా డిస్కు దాకా రావాలంటే ప్లగ్గు పీకాలి.