అగ్గిపెట్టె మీది నెమలి ఎవరిది?

ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు తిరగేస్తుంటే ఒక అగ్గిపెట్టె లేబుల్ దొరికింది. వెలిసిపోయిన ఎరుపు, మధ్యలో పురి విప్పిన నెమలి. ఎంత ముచ్చటగా ఉందో! ఫొటో తీసి ఒక ఉచిత చిత్రాల భండారంలో పెట్టాను. నాలుగు రోజుల్లో తీసేశారు. ఫొటో నాదే, లేబుల్ డబ్బిచ్చి కొన్నదే. కానీ నెమలిని గీసినవాళ్ల హక్కు వేరట.

చట్టం తెలియక కాదు నా బాధ. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం చిత్రకారుడు పోయాక 60 ఏళ్లు ఆ హక్కు ఉంటుంది. గీసినవాళ్ల పేరు లేని బొమ్మకైతే ప్రచురించినప్పటి నుంచి 60 ఏళ్లు. సరే, ఒప్పుకుంటాను. మరి ఈ లేబుల్ ఏ ఏడాది అచ్చయింది? తేదీ లేదు, గీసినవాళ్ల పేరు లేదు, ప్రెస్ పేరు లేదు. అనుమతి అడుగుదామన్నా ఏ గుమ్మం ఎక్కాలి?

ట్యాంక్‌బండ్ మీది విగ్రహాలకు ఈ చిక్కు లేదు. బహిరంగ స్థలంలో శాశ్వతంగా ఉన్న శిల్పాలను ఫొటో తీసుకోవచ్చని అదే చట్టంలోని 52వ సెక్షన్ చెబుతుంది. విగ్రహానికి ఉన్న ఆ వెసులుబాటు కాగితానికి లేదు. శుభలేఖలు, మిఠాయి డబ్బాలు, క్యాలెండర్లు, అన్నిటిదీ ఇదే గతి.

విగ్రహం అంత తేలిగ్గా పోదు. పోయేది కాగితమే కదా! అమ్మమ్మ వాళ్లింట్లో గోడకున్న లక్ష్మీదేవి క్యాలెండర్‌ని చెదలు తినేశాయి, ఒక్క ఫొటో కూడా మిగల్లేదు. ఈ నెమలి లేబుల్‌కి అంచులు అప్పుడే పొడిపొడిగా రాలుతున్నాయి.