మహారాజశ్రీ గ్యారేజీ గారికి

పర్లాకిమిడి,
వాన వెలిసిన మర్నాడు.

మా పెరట్లో వెలసిన మహారాజశ్రీ గ్యారేజీ గారి సముఖానికి, ఎదురుగా ఉన్న పెంకుటింటి ఇల్లాలు నమస్కరించి వ్రాయునది. ఉభయ కుశలోపరి.

ఉత్తరం అలా మొదలుపెట్టాలని మా నాన్నగారు నేర్పారు, అందుకని రాశాను. నిజానికి ఉభయుల్లో కుశలంగా ఉన్నది మీరొక్కరే. రాత్రి వానకి మా పడకగదిలో మూడు చోట్ల గిన్నెలు పెట్టాం. మా ఆయన పొద్దున్నే టార్చిలైటు పట్టుకుని మీ దగ్గరికొచ్చి, మూలమూలా వెతికి, ఒక్క చుక్క కూడా పడలేదని తేల్చుకుని, అప్పుడు తీరిగ్గా కాఫీ అడిగారు.

గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊళ్ళో కాపురం చేస్తూ గ్రాంథికం రాయడం బాగుండదు. మిగతాదంతా వాడుక భాషలోనే రాస్తాను. మీకు తెలుగు ఎంతవరకు వచ్చో నాకు తెలీదు. మిమ్మల్ని కట్టిన మేస్త్రీ ఒడియా ఆయన. పునాది తవ్విన రోజు పక్కింటివాళ్ళు ఏం కడుతున్నారని అడిగితే ‘గాడి ఘొరొ’ అన్నాడు. బండి ఇల్లు అని అర్థం. ముప్ఫై ఏళ్ళుగా ఈ ఊళ్ళో రెండు భాషల మధ్య బతుకుతున్నాను, అర్థం తెలియక కాదు. అయినా నా చెవికి అది ‘ఘోరం’ అనే వినపడింది.

మీ పుట్టుక సంగతి మీకెవరూ చెప్పి ఉండరు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఇక్కడ మా ఇంటి పెంకులు కాకుల గుంపులా లేచిపోయాయి. పెరట్లో మామిడిచెట్టు కొమ్మ విరిగి, మా ఆయన పోగేసిన పాత కార్లలో ఒకటైన ఫియట్ నెత్తిన పడింది. గాలి తగ్గాక మా ఆయన గొడుగేసుకుని బయటికి వెళ్ళారు. వంటింట్లోంచి ఆకాశం కనపడుతోంది, అటు చూడలేదు. సొట్టపడిన ఫియట్ పైకప్పు మీద చెయ్యేసి, జ్వరం వచ్చిన పిల్లాణ్ణి చూసినట్టు చూసి, “ముందు వీటికో నీడ కట్టాలి” అన్నారు.

“మరి మనకో?” అన్నాను.

“మనుషులం, ఎటైనా పరిగెడతాం. పాపం, కార్లు పరిగెత్తలేవు కదా!”

ఆ మాటలో నవ్వాల్సిందేముందో ఆయనకి ఇప్పటికీ తెలీదు.

ఉద్దానంలో మా మామగారి నాటి రెండెకరాల జీడితోట ఉండేది. ఆ తుపానుకే చెట్లన్నీ వేళ్ళతో సహా లేచాయి. మళ్ళీ మొక్కలు నాటి, అవి కాపుకొచ్చేదాకా ఎవరు కాస్తారని దాన్ని అమ్మేశారు. దానికి రైసుమిల్లులో వాటా అమ్మిన డబ్బు కలిసింది. అందులో నా వంటిల్లు కూడా ఉందని నేననుకున్నాను. కరోనా గొడవ సద్దుమణిగి, 2022లో మేస్త్రీ వచ్చి కొలతలు తీస్తుంటే తెలిసింది, అందులో ఉన్నది మీరొక్కరేనని.

మొదట రెండు బళ్ళు పట్టే రేకుల షెడ్డే అన్నారు. క్యాలెండరు వెనక్కి తిప్పి గీత గీశారు. అంబాసిడర్ పొడవు 14 అడుగుల పైన, వెడల్పు ఐదున్నర. అంతే చోటు ఇస్తే తలుపులు తీయడం కుదరదు, రెండు పక్కలా పూర్తిగా తెరుచుకోవాలంటే పన్నెండు అడుగులుండాలి, లేకపోతే దిగేవాళ్ళకి ఇబ్బంది అన్నారు. ఎక్కేవాళ్ళే లేని బండిలోంచి దిగేవాళ్ళెవరండీ అని అడిగాను. ఆ ప్రశ్న క్యాలెండరు మీద ఎక్కలేదు. స్టాండర్డ్ హెరాల్డ్‌కి బానెట్, మడ్గార్డులూ అన్నీ కలిపి ఒక్కముక్కగా ముందుకి తెరుచుకుంటాయి, మొసలి నోరు తెరిచినట్టు. దాని ముందు ఇంకో నాలుగడుగులు. బండిని పైకెత్తి కింద చూసుకునే నాలుగు స్తంభాల లిఫ్టు పెట్టాలంటే కప్పు ఎత్తు పెంచాలి. ఇలా గీతలు పెరిగి పెరిగి జనవరి పేజీ చాలక ఫిబ్రవరి వెనక్కి కూడా వెళ్ళాయి. చివరికి మీరు అరవై బై నలభైకి తేలారు. ఆరు గదులు. ఒక్కోదానికి ఒక ట్యూబులైటు.

నా వంటిల్లు తొమ్మిది బై ఎనిమిది. ఫ్రిజ్ తలుపు తీయాలంటే ముందు నేను బయటికి రావాలి.

మీ నేల సంగతి వేరే చెప్పాలి. మట్టిలోంచి తేమ పైకి రాకుండా కింద మందపాటి ప్లాస్టిక్ పట్టా పరిచి, పైన ఆరంగుళాల కాంక్రీటు పోసి, నెల్లాళ్ళు తడిపి, అది ఆరాక ఎపాక్సీ అనే బూడిదరంగు పూత వేయించారు. ఆ పూత ఆరేదాకా చెప్పులతో ఎవరూ రాకూడదన్నారు. ఇప్పుడు చెప్పులు లేకుండా కూడా రాకూడదంటున్నారు, కాళ్ళ చెమట ముద్రలు పడతాయట. గుళ్ళో కూడా ఇంత మడి లేదు.

గాలి సంగతి ఇంకా విచిత్రం. బండి కిందకి దిగి పని చేసుకోవడానికి మీలో ఒక గొయ్యి ఉంది. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు, నేలబారున పాకుతూ వచ్చి గొయ్యిలో పేరుకుంటుంది, ఒక్క నిప్పురవ్వ చాలని బరంపురం నుంచి వచ్చిన పాత మెకానిక్ చెప్పాడు. మంచి మాటే. వెంటనే గొయ్యి దగ్గరొక ఫ్యాను, పైనొక ఫ్యాను బిగించారు. వంటగ్యాసు కూడా గాలికంటే బరువే అని విశాఖలో ఉన్న మా అమ్మాయి ఫోన్లో చెప్పింది. ఆ సంగతి ఆయనకి చెబితే ఎంతో ఆపేక్షగా, “అవునా! అయితే కిటికీ తీసి ఉంచుకో” అన్నారు.

మా అత్తగారు మిమ్మల్ని నా సవతి అంటారు. నేనొప్పుకోను. సవతి అయితే ఒక పూటైనా కూర తరిగేది. మీరు ఇల్లరికపుటల్లుడు. వచ్చారు, మంచి చోటు చూసుకుని కూర్చున్నారు, కదలరు, అందరూ మీ చుట్టూ తిరగాలి.

ఇక మీ లోపలి కాపురస్తులు. 1972 నాటి అంబాసిడర్ మార్క్ టూ, కొమ్మ పడ్డ ఫియట్, మొసలి నోటి హెరాల్డ్, వానపాములా పొడుగ్గా సాగిన కాంటెస్సా, ఇంజను లేని విల్లీస్ జీపు. మొత్తం ఐదు. ఆరో గది ఖాళీ, రాబోయేదాని కోసమట. మా ఇంట్లో నిజంగా నడిచే బండి ఒకటుంది, మారుతి 800. కూరగాయలు, ఆస్పత్రి, స్టేషను, పెళ్ళిళ్ళు అన్నీ దాని మీదే. అది ఎండకీ వానకీ బయట వేపచెట్టు కింద ఉంటుంది. దాన్నెందుకు లోపల పెట్టరని అడిగితే, అది క్లాసిక్ కాదు, రోజూ నడుస్తోంది కదా అన్నారు.

వీటి వైద్యం చూస్తే నాకు అసూయ పుడుతుంది. కదలకుండా ఒకే చోట నిలబడితే టైరు నేలకానిన వైపు అణిగి చదునైపోతుందట, అందుకని నాలుగింటిని స్టాండ్ల మీదికి ఎత్తారు. పొయ్యి ముందు ఒకే చోట ముప్ఫై ఏళ్ళు నిలబడ్డ నా మోకాళ్ళ గురించి ఎవరికీ ఇలాంటి ఆలోచన రాలేదు. బ్యాటరీ చచ్చిపోకుండా రాత్రంతా కొద్దికొద్దిగా ఛార్జింగ్ ఎక్కిస్తారు. ఇక పెట్రోలు. ఇప్పుడు పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ కలుస్తోందని, అది తేమని లాక్కుంటుందని, పాత బళ్ళ రబ్బరు గొట్టాలని తినేస్తుందని ఆయనకి బెంగ. అందుకని ట్యాంకులు ఖాళీగా ఉంచారు. పోస్తే పాడవుతుంది, పోయకపోతే కదలదు. కాబట్టి కదలకపోవడమే ఆరోగ్యమని తేల్చారు.

అంబాసిడర్‌కి యాభై ఏళ్ళు నిండగానే ఇంకో సరదా మొదలైంది. 2021లో వచ్చిన కొత్త నిబంధన ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్ళు దాటిన బండిని వింటేజ్‌గా నమోదు చేయించుకోవచ్చు. ఫీజు 20,000. నంబర్లో ‘వీఏ’ అని రెండక్షరాలు వస్తాయి. ఆ అక్షరాల కోసం ఆయన పడ్డ ఆరాటం మా అమ్మాయి పదో తరగతి మార్కుల కోసం కూడా పడలేదు. బండి మొదట రిజిస్టరైంది శ్రీకాకుళం వైపు, ఉంటున్నది ఒడిశాలో. ఆ కాగితం ఈ రాష్ట్రంలో చూపించు, ఈ కాగితం ఆ రాష్ట్రం నుంచి తెచ్చుకో అని ఆర్నెల్లు తిప్పారు. అన్ని తిరుగుళ్ళూ మారుతి మీదే, వేరే చెప్పాలా? ఆ నిబంధనలో అడుగున ఇంకో మాట ఉంది. వింటేజ్ బండిని మామూలుగా రోడ్డు మీద తిప్పకూడదు. ప్రదర్శనకో, ర్యాలీకో, పెట్రోలుకో, మరమ్మతుకో మాత్రమే. ఆయన దాన్ని రెండుసార్లు చదివి, “చూశావా, గవర్నమెంటే తిప్పొద్దంటోంది” అని ఊపిరి పీల్చుకున్నారు.

అంబాసిడర్ పేరు ఒక్కదాన్నే 2017లో ఫ్రాన్సు దేశపు ప్యూజో కంపెనీ 80 కోట్లకి కొనుక్కుంది. పేరుకే అంత పలికితే పేరు, బండి రెండూ ఉన్న తనకెంత రావాలని ఆయన లెక్క. ఇంతవరకు వచ్చింది పాత ఇనుము వాడొకడే. వాడికి కూడా కాఫీ ఇచ్చి, బళ్ళన్నీ చూపించి పంపించారు.

పెద్ద పనులు చేయడం మా ఊరికి కొత్త కాదు. రాజావారు 1900లో నౌపడా నుంచి ఇక్కడికి రైలు వేయించారు. రెండున్నర అడుగుల పట్టాల మీద బుల్లి రైలు. నేను కాపురానికి వచ్చింది కూడా దాన్లోనే, ఒళ్ళో కావిడి బిందెతో. మా ఆయన మిమ్మల్ని చూపించినప్పుడల్లా ఆ రాజావారి పేరెత్తుతారు. పోలిక బాగానే ఉంది. తేడా ఒక్కటే, ఆ రైలు నడిచేది.

కిందటి వానాకాలం మా ఇద్దరికీ కొంచెం స్నేహం కుదిరిందని మీరు గమనించే ఉంటారు. తుప్పు పట్టకుండా మీలో తేమ లాగే మిషను పెట్టించారు. శ్రావణంలో రోజుకి అరబకెట్టు నీళ్ళు గాల్లోంచి పిండేది. అదే వారం నా వంటింట్లో అప్పడాలు మెత్తబడ్డాయి, చింతపండు చెమ్మగిల్లింది, వడియాల డబ్బాలో బూజు కనపడింది. ఒక మధ్యాహ్నం ఆయన నిద్రపోతుంటే అప్పడాల కట్ట తెచ్చి కాంటెస్సా వెనక సీట్లో పెట్టాను. వారం తర్వాత చూస్తే విరిస్తే టప్‌మంది. ఆ వేసవికి మిరపకాయలు, ఆ తర్వాత జీడిపప్పు డబ్బా. మా అత్తగారు కూడా మధ్యాహ్నం పూట అంబాసిడర్ వెనక సీట్లో కాళ్ళు చాపుకుని జపం చేసుకోవడం మొదలుపెట్టారు. సోఫాలాంటి సీటు, పైన ఫ్యాను, చుట్టూ దోమ లేదు. జపం పావుగంట, కునుకు రెండు గంటలు. బళ్ళకి మనిషి అలికిడి మంచిదేనని ఆయన ఒప్పుకున్నారు.

సరిహద్దు ఊళ్ళో ఉన్న సౌఖ్యం ఏమిటంటే పండగలు రెండేసి వస్తాయి. సెప్టెంబరు 17న ఒడియావాళ్ళతో విశ్వకర్మ పూజ, దసరాకి మనవాళ్ళతో ఆయుధ పూజ. మొన్న దసరాకి ఐదు బళ్ళకి, టైరుకొకటి చొప్పున, ఇరవై నిమ్మకాయలు తెమ్మన్నారు. తెచ్చాను. పంతులుగారు బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ఇక బళ్ళు ముందుకి నడపండి అన్నారు. అంబాసిడర్‌లో ఆ ఉదయమే రెండు లీటర్లు పోశారు. నలుగురు తోసి, మా ఆయన హ్యాండిల్ తిప్పి, నల్లటి పొగ ఒక మేఘం వదిలి అది నాలుగు నిమ్మకాయలు నలిపి గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. అందరూ చప్పట్లు కొట్టారు. మా అత్తగారు లోపలే ఉన్నారన్న సంగతి అప్పుడు తెలిసింది.

మిగతా నాలుగూ స్టాండ్ల మీదున్నాయి. కింద నిమ్మకాయలు, పైన టైర్లు, మధ్యలో జానెడు ఎడం. పంతులుగారు కాసేపు వంగి చూసి, “సంకల్పం చాలు లెండి” అని దక్షిణ తీసుకుని వెళ్ళిపోయారు.

నలగని నిమ్మకాయలు పదహారు మిగిలాయి. సాయంత్రం ఒక్కొక్కటీ ఏరి, పసుపు కుంకుమలు కడిగి, ముక్కలు కోసి ఊరగాయ పెట్టాను. జాడీకి వంటింట్లో చోటు లేదు. మీ ఆరో గదిలో, ట్యూబులైటు కింద పెట్టి, పైన గుడ్డ కట్టాను. పక్కనే ఆవకాయ, మాగాయ జాడీలు కూడా ఉన్నాయి. రాబోయే బండేదో వచ్చిందని ఆయన జాడీలు జరపమంటే, అవి కూడా కదలకుండా ఉంటేనే ఆరోగ్యమని నా మాటగా మీరు చెప్పండి.

ఇట్లు,
వంటింటి తరఫున,
ఎదురింటి ఇల్లాలు.