రెడీమేడ్ ఇంజిన్ వాడితే అది మన ఆట కాదట!

ఇప్పుడే ఓ కాలేజీ గేమ్ జామ్ (రెండు రోజుల్లో వీడియో గేమ్ చేసి చూపించే పోటీ) నుంచి బయటికొచ్చాను, బస్సులో కూర్చుని రాస్తున్నా, కోపం ఇంకా దిగలేదు. సెకండియర్ పిల్లలు ముగ్గురు 48 గంటలు సరిగ్గా నిద్ర కూడా పోకుండా గోడో ఇంజిన్‌లో, అంటే ఆటలు తయారుచేసే ఒక రెడీమేడ్ సాఫ్ట్‌వేర్‌లో, ఒక ఆట చేశారు. జడ్జిగా వచ్చిన పెద్దమనిషి దాన్ని ఆడి చూడలేదు. "ఇంజిన్ రెడీమేడ్, బొమ్మలు డౌన్‌లోడ్ చేసినవి, లెవెల్ ఎడిటర్‌లో గళ్ళు నింపారు, ఇందులో మీరు చేసిందేముంది?" అనేసి పక్క టేబుల్‌కి వెళ్ళిపోయాడు.

వాళ్ళు చేసిందేమిటో నేను చెప్తాను. మొదటి రోజు రాత్రికే బూడిదరంగు పెట్టెలతో ఒక లెవెల్ నిలబెట్టి, పక్క టీమ్ కుర్రాణ్ణి పిలిచి ఆడమన్నారు. వాడు ఒకే గుంటలో వరసగా నాలుగుసార్లు పడ్డాడు. అంచు దాటిన మరుక్షణం బటన్ నొక్కుతున్నాడు, అప్పటికే కాళ్ళ కింద నేల లేదు కాబట్టి జంప్ పడట్లేదు. టీమ్‌లో అమ్మాయి వాడి వేళ్ళనే చూస్తూ కూర్చుంది. అంచు దాటాక కూడా ఆరు ఫ్రేములపాటు, అంటే సెకనులో పదో వంతు, జంప్ పనిచేసేలా మార్చింది. అవతలి గట్టును ఒక గడి ఇవతలికి జరిపింది. ఐదు నిమిషాల పని. ఈసారి వాడు దాటేసి "తర్వాతి లెవెల్ ఏదీ?" అన్నాడు. గేమ్ డిజైన్ అంటే ఇదే కదండీ! ఇంజిన్ మొదటినుంచి రాసుకుంటూ కూర్చుంటే 48 గంటలకి తెరమీద ఒక పెట్టె కదిలేది, ఆ గుంట సంగతి ఎవరికీ తెలిసేదే కాదు.

మా అమ్మ పాతికేళ్ళుగా బ్లౌజులు కుడుతోంది. మిషన్ నువ్వే తయారుచేశావా అని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. కొత్త కొలతలైతే ముందు కచ్చా కుట్టు వేసి తొడిగి చూపిస్తుంది, బిగుతైతే విప్పేస్తుంది. ప్రోటోటైప్ అంటే ఆ కచ్చా కుట్టే. త్వరగా వేయాలి, బాగోకపోతే ఏమాత్రం బాధ లేకుండా విప్పేయాలి.

సెలెస్ట్ అనే ఆటని 2015లో ఇద్దరు కలిసి పికో-8 అనే చిన్న ఆటల తయారీ సాఫ్ట్‌వేర్‌లో నాలుగు రోజుల్లో చేశారు, బొమ్మల ఎడిటర్, మ్యాప్ ఎడిటర్ అన్నీ అందులోనే ఉంటాయి. అదే పెరిగి 2018లో పెద్ద ఆటగా వచ్చింది. కౌంటర్ స్ట్రైక్ మొదట 1999లో హాఫ్ లైఫ్ అనే ఆటను మార్చి చేసిన మాడ్. డోటా పుట్టింది వార్‌క్రాఫ్ట్ 3 ఆటతో పాటు ఇచ్చిన మ్యాప్ ఎడిటర్‌లో. మన ఊళ్ళలో ఇంటింటా ఆడిన పబ్జీ కూడా అన్‌రియల్ ఇంజిన్ మీదే కట్టారు. మరి వీళ్ళెవరూ ఏమీ చేయలేదా?

ఇంజిన్ గురించే అడగాలనుకుంటే గోడోనే ఎందుకు తీసుకున్నారని అడగొచ్చు కదా. 2023 సెప్టెంబర్‌లో యూనిటీ అనే ఇంకో ఇంజిన్ కంపెనీ ఉన్నట్టుండి ఇన్‌స్టాల్‌కి ఇంత అని ఫీజు ప్రకటించింది, ఎంత గొడవ జరిగితే మరుసటి ఏడాదికి వెనక్కి తీసుకుంది! గోడో ఓపెన్ సోర్స్, అంటే కోడ్ అందరికీ ఉచితం, రేపు ఎవరూ బిల్లు పంపరు. ఆ పిల్లలు అది ఆలోచించే ఎంచుకున్నారు.

అసలు నాకు ఇంత మండటానికి కారణం వేరే ఉంది. నా ఫైనలియర్‌లో నేనూ ఇలాగే ఒక ఆట చేశాను, నాలుగు నెలలు, పదకొండుసార్లు తీసేసి మళ్ళీ కట్టిన లెవెల్‌తో. వైవాలో "సాఫ్ట్‌వేర్‌లో లాగి పెట్టావు, కోడింగ్ ఏదమ్మా?" అన్నారు. నా వెనకే వచ్చినవాడు డబ్బు కట్టి కొనుక్కున్న ప్రాజెక్ట్ పట్టుకొచ్చాడు, రికార్డు బైండింగ్‌తో సహా. అందులో ఒక్క లైను కూడా వాడు రాయలేదని క్లాసంతటికీ తెలుసు. వాడికి మార్కులు నాకంటే ఎక్కువ. ఆ రోజు నోరు మూసుకుని వచ్చేశాను, ఈ రోజు మాత్రం ఆ జడ్జి వెనకే వెళ్ళి "సార్, ఒక్కసారి ఆడి చూడండి" అని అడిగాను. టైమ్ లేదన్నాడు.

నేను బయల్దేరుతుంటే ఆ అమ్మాయి లాప్‌టాప్ సర్దుకుంటూ "అక్కా, అయితే ముందు ఇంజిన్ రాయడం నేర్చుకోవాలా?" అంది. వద్దమ్మా, ముందు నీ మూడో లెవెల్లో ఆ ముళ్ళ దగ్గర నేనే ఆరుసార్లు చచ్చాను, అది సరిచెయ్యి అన్నాను. మళ్ళీ లాప్‌టాప్ తెరిచింది.