ఎనిమిదిన్నర వేల టన్నుల మొగామీ గారికి

మహాలక్ష్మీ సమానురాలైన జపాన్ యుద్ధనౌక మొగామీ గారికి, చెల్లెళ్లు మికుమా, సుజుయా, కుమానోలకు విశాఖపట్నం నుంచి నమస్కరించి రాయునది.

క్షేమమా అని అడగను. నలుగురూ సముద్రం పాలై ఎనభై ఏళ్లు దాటింది.

మీ తూకం సంగతి మాట్లాడదామని. దేశాల యుద్ధనౌకలకు హద్దులు గీసిన 1930 లండన్ ఒప్పందంతో జపాన్‌కు భారీ క్రూయిజర్ల (వేగంగా తిరిగే పెద్ద యుద్ధనౌకల) వాటా నిండిపోయింది. ఇక కట్టుకుంటే తేలికవే కట్టుకోవాలి, ఫిరంగి 155 మిల్లీమీటర్లు మించకూడదు. అప్పుడు పుట్టారు మీరు. కాగితం మీద 8,500 టన్నులు, కాటా ఎక్కిస్తే పదకొండు వేల పైచిలుకు. మా రైతుబజారులో చింతపండు తూచేవాడికి కూడా ఇంత గుండె లేదండీ!

బరువు తగ్గాలని రివెట్లు మాని వెల్డింగ్ చేయించుకున్నారు. పదిహేను ఫిరంగుల్లో ఒక్కటీ వదులుకోలేదు. తీరా సముద్రంలో పరీక్షిస్తే అతుకులు విచ్చాయి, ఒళ్లు వంకరపోయి టరెట్లు (ఫిరంగులను తిప్పే గూళ్లు) తిరగమని మొరాయించాయి. 1935 సెప్టెంబరు తుఫాను మిగతా పరువూ తీసింది. మళ్లీ విప్పి, బిగించి, పక్కలకు ఉబ్బులు కట్టించుకుని ఇంకాస్త బరువెక్కారు.

ఒప్పందం గడువు తీరాక 155లు ఊడదీసి భారీ క్రూయిజర్ల స్థాయి 203 మిల్లీమీటర్ల ఫిరంగులు పది బిగించుకున్నారు. మొదట్నుంచీ వాటికి చోటు చూసిపెట్టుకున్నవారే కదా. పేర్లు మాత్రం మార్చుకోలేదు. మీ దేశంలో భారీ క్రూయిజర్లకు కొండల పేర్లు, తేలికవాటికి నదుల పేర్లు. మీ నలుగురివీ నది పేర్లే. ఏం వినయం!

1942 ఏప్రిల్ 6న మీ దండులోని విమానవాహక నౌక ర్యూజో విమానాలు మా విశాఖ మీదా, కాకినాడ మీదా బాంబులు వేశాయి. జనం మూటాముల్లె సర్దుకుని పల్లెల దారి పట్టారు. మీరేమో బంగాళాఖాతంలో సరుకు ఓడల వెంటపడ్డారు. నిజానికి మీ పక్కన ఉండి భయపడాల్సింది మీవాళ్లే. అంతకు నెల ముందే జావా దగ్గర అమెరికా క్రూయిజర్ హ్యూస్టన్ మీదికి వదిలిన మీ టార్పెడోలు సొంత రవాణా ఓడలను ముంచాయి. జావా మీదికి దండెత్తిన మీ సైన్యాధిపతి జనరల్ ఇమామురా అంతటివాడు నీళ్లలో తేలాడు. జూన్‌లో పసిఫిక్‌లోని మిడ్వే దీవి దగ్గర చీకట్లో మికుమానే గుద్దారు. తర్వాత అమెరికా విమానాలు ఆమెను ముంచేశాయి. మీరు ముక్కు నలిగినా, ఉన్న టార్పెడోలన్నీ ఓడలోనే పేలతాయని ముందే సముద్రంలో పారేసి బతికి బయటపడ్డారు. మీరు నిజంగా బరువు దించుకున్నది ఆ ఒక్కసారే.

ఇట్లు,
తూకం చూసుకుని కొనే ఒక విశాఖవాసి

తా.క.: 1944లో ఫిలిప్పీన్స్‌లోని సురిగావ్ జలసంధిలో మంటల్లో ఉన్న మిమ్మల్ని మీ దేశపు భారీ క్రూయిజరే, నాచీ, గుద్దింది. ఆవిడది కొండ పేరేనండీ.