లోపలి స్కాన్ అంటే ముందుగాల చెప్పుండ్రి

నర్సంపేట నుంచో ములుగు నుంచో పొద్దుగాల్నే బస్సెక్కి, లీటరు నీళ్లు తాగి, ఒంటికొస్తున్నా ఆపుకొని హన్మకొండ స్కానింగ్ సెంటర్ల కూసుంటది నెల తప్పిన ఆడబిడ్డ. తీరా పేరు పిలిచినంక "ఒంటికి పోయి రామ్మా, లోపలి స్కాన్" అంటరు. లోపలి అంటే యోని నుంచి అని బల్ల మీద పండేదాంక ఎవ్వరూ చెప్పరు. ప్రోబ్, అంటే లోపల పెట్టే స్కాన్ కడ్డీ, చూడంగనే గుండె గుభేల్మంటది. నా కోపం స్కాన్ మీద కాదు, ఈ చెప్పకపోవుడు మీద.

స్కాన్ అవసరమే. ఐదారు వారాలకు గర్భసంచి ఇంకా కటి ఎముకల నడుమ లోతుల్నే ఉంటది, పొట్ట మీది నుంచి మసకమసక. లోపలి నుంచి చూస్తే ఐదో వారంల పిండం పెరిగే తిత్తి, ఆరో వారం దాటేసరికి గుండె కొట్టుకునుడు కనపడతయి. పైనుంచైతే దాదాపు ఇంకో వారం ఆగాలె. గర్భం సంచిల కాకుండ పక్కనున్న ట్యూబుల నిలిచిందా అన్నది పట్టుకోనీకి కూడా ఇదే మేలు. ఒక పక్క నొప్పి, రక్తం, కళ్లు తిరుగుడు ఉంటే మాత్రం సిగ్గుకు వాయిదా వేయొద్దు.

ప్రోబ్ పొడుగ్గ కనపడ్డా సగం పిడే. మందం రెండు సెంటీమీటర్లకు కొంచెం అటూఇటూ. కండోమ్ తొడిగి, జెల్ రాసి యోనిల పెడ్తరు. గర్భసంచి మూతి దగ్గరనే ఆగుతది, లోపలికి పోదు, బిడ్డను తాకదు. గర్భం పోతదన్నది ఉత్త భయం. ఆ మూతికి ఈ టైంల రక్తం ఎక్కువొస్తది గనుక ఒక్కోసారి బట్టకు మరక పడొచ్చు, ఎక్కువ పోతే డాక్టర్‌కు చెప్పాలె. రబ్బరు పడనోళ్లు మాత్రం ముందే చెప్పుకోవాలె, వేరే తొడుగు వాడ్తరు.

మరి నొప్పెందుకు? చెప్పకుండ పెడ్తే ఒళ్లు బిగుసుకుంటది, బిగుసుకున్నకాడ ప్రోబ్ ఒత్తుతది. తొందరల జెల్ తక్కువ రాసినా అంతే. మూత్రసంచి నిండుంటే గర్భసంచి వెనక్కి జరిగి చిత్రం పాడైతది, మళ్లా మళ్లా తిప్పాల్సొస్తది. మెల్లగ గాలి వదలమంటే, నడుము కింద దిండు పెడితే, "నువ్వే పెట్టుకుంటవా అమ్మా" అని అడిగితే సగం బాధ పోతది. వద్దన్న హక్కు ఆమెకుంది, నడుమల ఆపమన్నా ఆపాలె. మగ డాక్టరైతే గదిల ఇంకో ఆడమనిషి తప్పనిసరి. తలుపుకు గొళ్లెం పెట్టుండ్రి, దుప్పటి కప్పుండ్రి. (బయట అత్తగారు "పిలగాడేనా" అని అడుగుతది. ఆ వారాలల్ల తెల్వనే తెల్వదు, తెలిసినా చెప్పుడు 1994 లింగ నిర్ధారణ నిషేధ చట్టం ప్రకారం నేరం.)

ఇంకోటి, పిండం గుండె కొట్టుకునుడు కనపడకపోతే డాక్టర్ మాట్లాడకుండ తెర అటు తిప్పుడు. పిండం 7 మిల్లీమీటర్ల కంటే చిన్నగుంటే గర్భం పోయిందని అప్పుడే తీర్పు చెప్పరు, వారం పది దినాలకు మళ్లా చూస్తరు, తేదీ లెక్క తప్పినా ఇట్లనే అయితది. ఆ మాట బల్ల మీద ఉన్నప్పుడే చెప్పొచ్చు కద. డబ్బులు కట్టించుకునేటప్పుడే కౌంటర్ల ఉన్న ఆడపిల్ల ఈ నాలుగు ముక్కలు చెప్తే రెండు నిమిషాలు పడ్తది.