పాత కాలిపర్‌ని పెట్రోల్‌తో కడిగితే కొత్తదైపోదు

వెనక డ్రమ్ తీయించి డిస్క్ వేయించుకోవాలనుకునే బైకు వాళ్ల మధ్య వాట్సాప్‌లో ఒక సలహా తెగ తిరుగుతోంది. కాలిపర్ అంటే లోపలి పిస్టన్‌తో ప్యాడ్లని డిస్క్‌కి నొక్కి బ్రేకు వేసే భాగం. ఆ సలహా సారాంశం ఇది: "స్క్రాప్ షాపులో మంచి కాలిపర్ దొరికితే తెచ్చుకోండి. పెట్రోల్‌తో కడిగి, పిస్టన్‌కి ఎమెరీ కొట్టి, గ్రీజు పూసి బిగించండి. సీల్ కిట్ దండగ. పిస్టన్ ఎంత పెద్దదైతే బ్రేకు అంత బాగా పడుతుంది."

పాత కాలిపర్ వాడటంలో తప్పేమీ లేదు. బాడీ పగలకుండా, మరలు పోకుండా ఉంటే నిక్షేపంగా బాగు చేసుకోవచ్చు. తంటా అంతా ఆ చెప్పిన పద్ధతితోనే.

ముందు పెట్రోల్ సంగతి. బ్రేకుల్లో సీళ్లకి, అంటే ఆయిల్ కారకుండా ఆపే రింగులకి, వాడేది ఎక్కువగా ఈపీడీఎం రబ్బరు. డాట్ 3, డాట్ 4 బ్రేక్ ఆయిల్ గ్లైకాల్‌తో చేసినవి కాబట్టి దానికి పడతాయి. పెట్రోల్, కిరోసిన్, ఇంజిన్ ఆయిల్, మామూలు గ్రీజు పడవు. తగిలితే రబ్బరు ఉబ్బిపోతుంది. ఉబ్బిన సీల్ పిస్టన్‌ని వదలదు, ప్యాడ్లు డిస్క్‌ని రాసుకుంటూనే ఉంటాయి, డిస్క్ వేడెక్కి నీలం తిరుగుతుంది. కడగడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ గానీ బ్రేక్ క్లీనర్ స్ప్రే గానీ వాడి, లోపలి దారుల్లోకి గాలి కొట్టి పూర్తిగా ఆరబెట్టాలి. గ్రీజుకీ ఇదే లెక్క. సీళ్లకీ పిస్టన్‌కీ కొత్త సీసాలోని బ్రేక్ ఆయిల్ లేదా ఎర్ర రబ్బరు గ్రీజు, స్లైడ్ పిన్నులకి (కాలిపర్ అటూ ఇటూ జరిగే కడ్డీలు) సిలికాన్ గ్రీజు. పిన్ను పట్టేసిన కాలిపర్‌ని చూడగానే తెలుసుకోవచ్చు: ఒక ప్యాడ్ అరిగి రేకు తేలుతుంది, రెండోది కొత్తదానిలా ఉంటుంది.

ఎమెరీ కొట్టమనడం ఇంకా ప్రమాదం. కాలిపర్‌లో సీల్ బోరు (పిస్టన్ కదిలే రంధ్రం) వెంట జారదు. బోరులోని గాడిలో కూర్చుని పిస్టన్‌ని పట్టుకుంటుంది. అంటే ఆయిల్‌ని ఆపేది పిస్టన్ పైతలమే. స్టీలు పిస్టన్ మీద ఉండే క్రోమ్ పూతని గరుకు ఎమెరీతో గీకితే ఆ గీతల్లోంచి ఆయిల్ ఊరుతుంది, పూత పోయినచోట తుప్పు మొదలవుతుంది. మరక మాత్రమే ఉంటే 1000 నంబరు కంటే నున్నటి వాటర్ పేపర్‌ని తడిపి, నిలువుగా కాకుండా చుట్టూ తిప్పుతూ మెల్లగా రుద్దండి. సీల్ తగిలే మేర గోటితో గీసి చూడండి. గోరు తట్టుకునే గుంట ఉందా, పిస్టన్ మార్చాల్సిందే. బోరులో సన్నటి గీతలు చూసి మాత్రం కంగారు పడక్కర్లేదు. ఆ భయం మాస్టర్ సిలిండర్‌కి (పెడల్ తొక్కితే ఆయిల్‌ని కాలిపర్‌కి నెట్టే భాగం) ఉండాలి, ఎందుకంటే అక్కడ రబ్బరు కప్పు జారేది బోరు మీదే.

సీల్ కిట్ దండగ అన్నవాళ్లకి పిస్టన్ వెనక్కి ఎలా వస్తుందో తెలియదేమో. పెడల్ తొక్కినప్పుడు చదరపు అంచుల సీల్ పిస్టన్‌తో పాటు కాస్త వంగుతుంది. వదలగానే నిటారుగా అవుతూ పిస్టన్‌ని వెనక్కి లాగుతుంది. అక్కడ స్ప్రింగంటూ ఏదీ లేదు, ఆ రబ్బరు సాగుడే స్ప్రింగు. ఏళ్ల తరబడి వేడిలో గట్టిపడ్డ సీల్ ఆ పని చేయలేదు.

కొత్త సీల్ వేసినా బ్రేకు పట్టేస్తోందంటే చాలాసార్లు గాడి శుభ్రం చేయలేదని అర్థం. పాత సీల్ తీసి లోపలికి లైటు వేసి చూడండి. గాడి అడుగున తెల్లటి పొడి గట్టిగా పేరుకుని ఉంటుంది. అది అల్యూమినియం తుప్పు. ఆ పొర సీల్‌ని పిస్టన్ మీదికి నెడుతుంది, పిస్టన్ బిగుసుకుంటుంది. కొన వంచిన సన్నటి పరికరంతో గాడి మూలలదాకా మెల్లగా గీకి, నైలాన్ బ్రష్‌తో తోమాలి. సీల్ తీయడానికి స్క్రూడ్రైవర్ పెట్టొద్దు, గాడి అంచు దెబ్బతింటుంది. చెక్కపుల్ల చాలు. పిస్టన్‌కి రెండు రింగులు: లోపల మందంగా ఉండే సీల్, బయట పలచటి డస్ట్ సీల్. తారుమారు చేయకండి.

బిగిసిపోయిన పిస్టన్‌ని ప్లయర్‌తో పట్టి తిప్పితే ఆ పళ్ల గుర్తులే రేపటి లీకు. కాలిపర్‌ని మాస్టర్ సిలిండర్‌కి కలిపి పెడల్ తొక్కితే ఆయిల్ ఒత్తిడికే బయటికి వస్తుంది. కంప్రెసర్ గాలితోనే తీయాలంటే ఎదురుగా చెక్కముక్క పెట్టి, గాలి తక్కువగా వదలండి. వేళ్లు మాత్రం పెట్టొద్దు.

ఇక పెద్ద పిస్టన్. మాస్టర్ సిలిండర్ 14 మి.మీ. అనుకుందాం. 32 మి.మీ. పిస్టన్ బదులు 38 మి.మీ. వేస్తే అదే తొక్కుడుకి నొక్కే బలం సుమారు 41 శాతం పెరుగుతుంది. కానీ పెడల్ కూడా అంత ఎక్కువ దూరం దిగాలి. పైగా బ్రేకు వేయగానే బరువు ముందు చక్రం మీదికి పోతుంది, తేలికైన వెనక చక్రం ఇట్టే లాకై జారుతుంది. కాలిపర్, మాస్టర్ సిలిండర్ ఒకే బండి వెనక బ్రేకు నుంచి జతగా తెచ్చుకోవడమే తెలివైన పని. ఏబీఎస్ ఉన్న బండి జోలికి అసలు పోవద్దు.

సలహాలో ఊసే లేని సంగతులు రెండున్నాయి. ముందు చక్రం కాలిపర్‌ని వెనక బిగిస్తే బ్లీడ్ నిపుల్ (ఆయిల్‌లోని గాలిని బయటికి వదిలే మూతి) కిందికి పోవచ్చు. గాలి పైన నిలుస్తుంది, ఎంత బ్లీడ్ చేసినా పెడల్ మెత్తగానే ఉంటుంది. బ్లీడింగప్పుడు కాలిపర్ విప్పి, నిపుల్ పైకి వచ్చేలా పట్టుకుని, ప్యాడ్ల మధ్య డిస్క్ మందం చెక్కముక్క పెట్టండి. ఆయిల్ గొట్టాన్ని కాలిపర్‌కి బిగించే బాంజో బోల్టుకి రెండు కొత్త రాగి వాషర్లు వేయండి. ఆయిల్ తడిసిన ప్యాడ్లు పారేయండి.

రెండోది పెడల్ ఖాళీ. పుష్ రాడ్‌కీ (పెడల్ నుంచి నెట్టే కడ్డీ) మాస్టర్ సిలిండర్ పిస్టన్‌కీ మధ్య కాస్త సందు లేకుండా బిగిస్తే రిజర్వాయర్‌కి (ఆయిల్ డబ్బా) ఆయిల్ తిరిగి వెళ్లే చిన్న రంధ్రం మూసుకునే ఉంటుంది. ప్రయాణంలో ఆయిల్ వేడెక్కి వ్యాకోచిస్తుంది, పోయే దారి లేక బ్రేకు దానంతటదే పడుతుంది, బండి చల్లారాక మళ్లీ వదులుతుంది. చాలామంది అప్పుడు ఏ పాపం ఎరగని కాలిపర్‌ని మళ్లీ విప్పి కూర్చుంటారు. ముందు పుష్ రాడ్ నట్టు వదులు చేసి, ఆ సందు వచ్చేలా రాడ్ సరిచేసి చూడండి.