రికార్డుల్లో లేని మనిషిని ఖాళీ చేయించడం ఎలా?

గోదావరి డెల్టాలో కౌలు రైతుల మీద ఒక తీవ్రమైన ఆరోపణ ఉంది. మక్తా, అంటే బస్తాల లెక్కన ఖాయం చేసుకున్న కౌలు, సకాలంలో చెల్లించరట. సార్వా (వానాకాలం పంట) మునిగిందంటారు, దాళ్వా (రెండో పంట) మాసూళ్లకు సర్దేస్తామంటారు, తీరా దాళ్వా వచ్చాక ఎరువుల కొట్టు ఆయన కళ్లంలోనే కూర్చున్నాడంటారు. ఇలాగైతే ఆసాములు, అంటే భూమి సొంతదారులు, ఏమైపోవాలి? ఆవేశాలకు పోకుండా, కేవలం ప్రభుత్వ రికార్డుల ఆధారంగా ఈ సమస్యకు పరిష్కారం సూచించడం నా ఉద్దేశం.

రికార్డు చూస్తే రావులపాలెం నుంచి రాజోలు దాకా, పాలకొల్లు నుంచి ఉండి దాకా ఎన్నో చేలను ఆసాములే స్వయంగా సాగు చేసుకుంటున్నారు. వారిలో కొందరి కాపురం కూకట్‌పల్లిలో, కొందరిది డాలస్‌లో. అంత దూరం నుంచి వచ్చి, మోకాలి లోతు బురదలో దిగి, ఊడ్పులు పూర్తి చేసుకుని, ఊళ్లో ఎవరి కంటా పడకుండా వెళ్లిపోవడం సామాన్యుల వల్ల అయ్యే పని కాదు. సాగు వారిదే కనుక పంట రుణమూ వారి పేరు మీదే. పీఎం కిసాన్ కింద ఏటా ఇచ్చే 6,000 రూపాయలూ భూమి పేరున ఉన్న కుటుంబానికే. మరి తెల్లవారకముందే లుంగీ ఎగ్గట్టి గట్టు మీద కనిపించే మనిషి ఎవరు? రెవెన్యూ శాఖకు తెలియదు. బహుశా గాలి మార్పు కోసం వచ్చి ఉంటాడు.

ఆ మనిషిని పోల్చుకోవడానికి చట్టాలు చేయని ప్రయత్నం లేదు. 1956 నాటి కౌలుదారీ చట్టానికి 1974లో సవరణ తెచ్చి, కౌలు గడువు ఆరేళ్లకు తగ్గకూడదన్నారు. ఆరేళ్లు కాగితం మీద ఉంటే చేను ఎక్కడ పోతుందోనని ఆసాములు అసలు కాగితమే మానేశారు. 2011లో కౌలు రైతులకు రుణ అర్హత కార్డులు వచ్చాయి. 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. 11 నెలల కార్డు ఇస్తారు, ఆసామి సంతకం చేస్తేనే. కౌలు రైతు పెన్ను పట్టుకుని వెళితే ఆసామి నొచ్చుకుంటాడు. "మీ నాన్న కాలం నుంచీ చేస్తున్నారు. మన మధ్య కాగితాలేమిటయ్యా?"

నిజమే, కాగితాలు లేవు. ఆసామి బల్ల సొరుగులో ఒక పాత డైరీ మాత్రం ఉంటుంది. అందులో నీలి సిరాతో: ఎకరం, సార్వా మక్తా 13 బస్తాలు, ముట్టినవి 9, బాకీ 4. నాలుగు కింద రెండు గీతలు.

ఈ నాలుగు బస్తాలు ఎలా మిగిలాయో కూడా చెప్పుకోవాలి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వచ్చేనాటికి కొన్ని చేలల్లో కోత అయి పనలు అలాగే ఉన్నాయి. నీరు లాగేసరికి కంకులకు మొలకలు. ఒబ్బిడి చేసుకున్న కాస్త ధాన్యాన్ని రోడ్డు పక్కన బరకాల మీద ఆరబోస్తే, తేమ 17 శాతం దాటిందని కొనుగోలు దగ్గర కోత. డైరీలోకి మాత్రం తేమ ఎక్కదు. మునిగింది రికార్డు ప్రకారం ఆసామి పంట, మునగనిది ఆసామి మక్తా. ఇంత పకడ్బందీ బీమా మరే కంపెనీ ఇవ్వలేదు.

ఇక పరిష్కారం. సాగుదారు ఆసామే అయినప్పుడు మక్తా ఎగ్గొట్టిందీ ఆసామే. ఆయన ఆయనకే నాలుగు బస్తాలు బాకీ. 2024-25 మద్దతు ధర క్వింటాలుకు 2,300 రూపాయలు. 75 కిలోల బస్తా 1,725. నాలుగింటికి 6,900. రైతుగా ఆయనకు ముందే ముట్టిన 6,000 అందులో చెల్లు వేస్తే మిగిలేది 900. ఈ మాత్రానికి ఆయనను చేలోంచి వెళ్లగొట్టడం అన్యాయమే అయినా, చట్టం ముందు అందరూ సమానం. నోటీసు ఇచ్చేదీ పుచ్చుకునేదీ ఒకరే కనుక తపాలా ఖర్చు కూడా కలిసొస్తుంది.

తొందరెందుకు, ఆ లుంగీ మనిషే మర్యాదగా తప్పుకుంటాడు కదా అనేవారికి ఒక మాట. అదీ జరిగింది. 2011 సార్వాలో కోనసీమ రైతులు ఎవరూ అడగకుండానే చేలు ఖాళీగా వదిలేసి పంట విరామం ప్రకటించారు. అప్పుడు అందరూ కంగారుపడి, కారణాలు తెలుసుకోవడానికి మోహన్ కందా కమిటీ వేశారు. వెళ్లిపొమ్మంటే వార్త కాదు, తనంతట తానే వెళితే కమిటీ.

ప్రస్తుతం ఖాళీ నోటీసులు ఫోనులోనే నడుస్తున్నాయి.

"బాకీ సంగతి ఏం చేశావు?"

"దాళ్వాకి సర్దేస్తానండి. ఇప్పటికే కోమటి బాకీ కూడా..."

"నీకు కష్టమైతే చెప్పు. రొయ్యల చెరువు వాళ్లు ఎప్పటినుంచో అడుగుతున్నారు."

పక్క చేలు ఉప్పెక్కుతాయన్నది వేరే శాఖ చూసుకోవలసిన విషయం. నేను ప్రతిపాదించిన పద్ధతిలో నోటీసు కూకట్‌పల్లి చేరేలోపే పొక్లెయిన్ గట్టు దిగితే ఆశ్చర్యపోనవసరం లేదు. దాని అద్దె గంటల లెక్కన, ఎప్పటికప్పుడు చేతిలో పెడతారు. బాకీ ఉండదు.